నీ పేరేంది?

మా వాడలో ఆడపిల్లలకు తెలిసిన ఉద్యోగాలు మూడే. టీచరు, అంగన్‌వాడీ, కువైట్. మూడోది దేశం పేరు గదా అంటారు మీరు. మదనపల్లె, రాయచోటి, కడప పక్క బీద సాయిబుల ఇండ్లల్లో అది ఉద్యోగం పేరే. ‘మీ అమ్మ ఏం చేస్తుంది?’ అని బడిలో అడిగితే ‘కువైట్ మేడం’ అని చెప్పిన పిల్లలు నా పక్కనే కూర్చొని చదువుకున్నారు.

నర్సు ఆ లెక్కలో లేదు. నర్సంటే సిస్టరమ్మ. సిస్టరమ్మంటే కిరస్తానీ ఆమె. మా ఊర్లో ఈ మాట ఊరికే పుట్టలేదు. అమెరికా మిషనరీలు మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి తెరిచింది 1911లో. ఊరి బయట ఆరోగ్యవరంలో క్షయరోగుల శానిటోరియం 1915లో మొదలయింది. దాన్ని మొదట నడిపించింది ఫ్రిమోట్-మోలర్ అనే డెన్మార్క్ డాక్టరు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఇంత వైద్యం జరిగిన ఊర్లో, రోగి మంచం పక్కన నిలబడి నెత్తురూ చీమూ తుడిచింది ఎవరు? మిషన్ ఆస్పత్రుల్లో ఆ పనికి ముందుకొచ్చిన వాళ్ళలో మాల మాదిగ పేటల కిరస్తానీ ఆడబిడ్డలే ఎక్కువ. ఊరు ఎవరిని ముట్టుకోగూడదనిందో వాళ్ళే ఊరందరినీ ముట్టుకొని బతికించారు. పై కులాలోళ్ళు ఆ పనిని మైల అన్నారు. మా వాళ్ళు బేపర్దా అన్నారు. మాటలు వేరైనా రెండిళ్ళలోనూ ఆడపిల్లకు తలుపు మూసుకుంది.

నేను నర్సింగ్ చదువుతానన్నప్పుడు మా నానీ అడిగింది రెండే ప్రశ్నలు. ‘మొగోళ్ళని ముట్టుకోవాలంట గదా? రాత్రిళ్ళు ఆడనే ఉండాలంట గదా?’ రెండింటికీ అవునన్నాను. ‘నక్కో’ అనేసింది. అబ్బా మాత్రం ఏమీ అనలేదు. ఆయన హార్స్‌లీ హిల్స్ మీద ఒక గెస్ట్‌హౌస్‌లో రూంబాయ్. గదులు ఊడ్చి, దుప్పట్లు మార్చి, బెంగుళూరు నుంచి వచ్చిన వాళ్ళకు తెల్లారుజామున వేణ్ణీళ్ళు అందించే పని. మనిషికి సేవ చేసి బతకడంలో తప్పేముందో ఆయనకు అర్థం కాలేదు. అది ఆయన పాతికేళ్ళుగా చేస్తున్నదే.

సీటు వచ్చింది. 2007 నాటి చట్టంతో ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం దొరికింది. కోర్టుల్లో కేసులు నడుస్తున్నా, 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది నిలిచింది. ఆ జాబితాలో షేకులున్నారు. మేం షేకులం. బి.ఎస్సీ. నర్సింగ్ సీటు నాకు ఆ మాట మీదనే వచ్చింది. ఇదే మాట తర్వాత నన్ను ఎన్ని ఆఫీసులు తిప్పిందో ముందుముందు చెప్తాను.

నేను చదివిన కాలేజీలో మొదటి రోజే చెప్పేశారు, క్లాసులోకి గానీ వార్డులోకి గానీ స్కార్ఫుతో రాగూడదని. తీసి బ్యాగులో పెట్టుకున్నాను. ఏడవలేదు. ఫీజు కట్టేసి ఉన్నారు. కొన్నాళ్ళకు మా చేతికి దీపాలిచ్చి ప్రమాణం చేయించారు. ఫ్లారెన్స్ నైటింగేల్ కథ చెప్పారు. ఆమె దీపం పట్టుకొని రాత్రిళ్ళు తిరిగింది ఎక్కడ? 1854లో క్రిమియా యుద్ధమప్పుడు, ఇస్తాంబుల్ నగరం పక్కన స్కుటారిలో, తురుష్క సైన్యం బ్యారక్‌ను ఆస్పత్రిగా మార్చిన చోట. బొమ్మల్లో ఆమె చేతికి అల్లావుద్దీన్ దీపం లాంటిది ఇస్తారు గానీ, నిజానికి ఆమె పట్టుకున్నది అక్కడి జనం వాడే మడత లాంతరు. దాని పేరు ఫానూస్. మా ఇండ్లల్లో కూడా లాంతరును ఆ మాటతోనే పిలుస్తారు. తురకోళ్ళని మమ్మల్ని పిలిచే ఊర్లో, నర్సుల దీపం తురకల లాంతరని ఏ పాఠంలోనూ చెప్పలేదు.

రుఫైదా పేరు కూడా చెప్పలేదు. మదీనాలో మసీదు పక్కన గుడారం వేసి గాయపడ్డవాళ్ళకు కట్లు కట్టిన ఆడమనిషి ఆమె. ఖందక్ యుద్ధంలో బాణం దెబ్బ తిన్న సాద్ బిన్ మువాజ్‌ను ప్రవక్త ఆమె గుడారంలోనే ఉంచమన్నారని సీరత్ గ్రంథాలు చెప్తాయి. ఉద్యోగంలో చేరిన తర్వాత ఎక్కడో చదివి ఈ సంగతి నానీకి చెప్పాను. నానీ చాలాసేపు తస్బీ తిప్పుతూ కూర్చుంది. ‘ఇంత మాట ముందే ఎవురూ చెప్పలేదేం?’ అన్నది. ఎవరు చెప్పాలి నానీ? ఆమె మొగోళ్ళ గాయాలు కడిగిందని చెప్పడానికి మన మౌల్వీ సాబ్‌కు నోరు రాలేదు. ఆమె ఉందనే మా లెక్చరర్లకు తెలియదు.

చదువయ్యాక బెంగుళూరులో ఒక ఆస్పత్రిలో చేరాను. గది కోసం తిరిగేటప్పుడు ‘నర్సు’ అనగానే ఇంటావిడ ముఖం వికసించేది. ఇంట్లో బి.పి. చూసే మనిషి ఉంటే ఎవరికి చేదు? తర్వాత అడిగేది, ‘నీ పేరేంది?’ చెప్పేదాన్ని. ‘మా ఆయన్ని అడిగి చెప్తాను’ అనేది. ఆ ఆయన ఏ ఇంట్లోనూ ఒప్పుకోలేదు. 2020 మార్చి చివర్లో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చాక, కూరగాయల బండివాడిని కూడా పేరడిగి కొన్నారు. ఆ రోజుల్లో నేను కోవిడ్ వార్డులో పి.పి.ఇ. సూటులో ఉన్నాను. తెల్ల సూటు లోపల ఉన్నది ఎవరో కనబడదు గాబట్టి, సూటు వీపు మీద పేరు స్కెచ్ పెన్నుతో రాసుకునేవాళ్ళం. ఒక ముసలాయన కొడుకు ఫోన్‌లో అడిగాడు, ‘మా నాన్నకు ఇంజెక్షన్లు ఇస్తున్నది ఆమేనా? వేరేవాళ్ళు లేరా?’ వేరేవాళ్ళు లేరు. ముసలాయన బతికి ఇంటికి పోయాడు.

దేశం విడిచి పోదామని అప్పుడే అనిపించిందంటే అబద్ధమవుతుంది. జీతం చాలక అనిపించింది. తమ్ముడి చదువు, నానీ మందులు, అబ్బా మోకాళ్ళు. పేరు సంగతి ఆ తర్వాతిది.

మా వాళ్ళకు విదేశమంటే గల్ఫే. ‘మనోళ్ళ దేశం, అజాన్ వినబడుతుంది, అరబ్బీ మనకు వచ్చేదే గదా’ అన్నారు చుట్టాలు. మాకు వచ్చిన అరబ్బీ ఏమిటి? చిన్నప్పుడు మదర్సాలో ఖురాన్ మొత్తం చదివాను. ఒక్క తప్పు పోకుండా చదివాను. కానీ ‘ఎక్కడ నొప్పి?’ అని ఆ భాషలో ఒక రోగిని అడగలేను. మా ఖాలాకు మాట్లాడే అరబ్బీ వచ్చు. కువైట్‌లో ఏళ్ళ తరబడి ఇంటిపని చేసింది. ‘ఏం నేర్చుకున్నావు ఖాలా, చెప్పు’ అంటే చెప్పింది. ‘తఆలీ’ అంటే రా. ‘రూహీ’ అంటే పో. ‘జీబీ’ అంటే తే. ఆమెకు తెలిసిన క్రియలన్నీ ఆజ్ఞలే, అదీ ఆడమనిషిని పురమాయించే రూపంలోనే. ఆమెను ఆ ఇంట్లో పేరు పెట్టి పిలిచింది తక్కువ. ‘హిందియా’ అనేవాళ్ళంట. అంటే హిందూస్తాన్ మనిషి. ఇక్కడ పాకిస్తాన్ పొమ్మంటారు, అక్కడ హిందియా అంటారు. ఖాలా అన్నది, ‘నువ్వు పో, కానీ పరీక్ష రాసి పో. నాలాగా ఒట్టి చేతుల్తో పోవద్దు.’

గల్ఫ్‌కు నర్సుగా పోవాలన్నా పరీక్షలున్నాయి. కంప్యూటర్ ముందు కూర్చొని రాయాలి. సర్టిఫికెట్లన్నీ చదివిన చోటి నుంచే తనిఖీ చేయించుకోవాలి. 2015 నుంచి మన ప్రభుత్వం గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పోయే నర్సులకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి చేసింది, ఏజెంట్ల మోసాలు అంతగా పెరిగిపోయి. నాతో పనిచేసే ఇద్దరు మలయాళీ నర్సులు ఇంగ్లండు దారి పట్టి ఉన్నారు. నేనూ వాళ్ళ వెంటే ఆ దారి పట్టాను.

ఆ దారి ఇట్లా ఉంటుంది. బ్రిటన్‌లో నర్సుల్ని నమోదు చేసేది ఎన్.ఎం.సి., అంటే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్. ముందు ఇంగ్లీషు రుజువు చేసుకోవాలి. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. రాయొచ్చు, లేదా వైద్యం పనివాళ్ళ కోసం పెట్టిన ఓ.ఇ.టి. రాయొచ్చు. నేను రాసిన ఓ.ఇ.టి. ఫీజు అప్పుడు 587 ఆస్ట్రేలియా డాలర్లు, మన డబ్బులో ముప్పై వేలు దాటింది. తర్వాత సి.బి.టి. అనే కంప్యూటర్ పరీక్ష. అది బెంగుళూరులోనే రాయొచ్చు. ఫీజు 83 పౌండ్లు. 2021 ఆగస్టు నుంచి అందులో రెండు భాగాలు. మొదటిది లెక్కలు, 15 ప్రశ్నలు, అరగంట. రెండోది నర్సింగ్, 100 ప్రశ్నలు, రెండున్నర గంటలు. అది పాసై అక్కడికి పోయాక ఆస్కీ అనే చేతల పరీక్ష. దాని ఫీజు 794 పౌండ్లు.

లెక్కలు నాకు భయం లేదు. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములున్న సిరప్పు, రోగికి 500 ఇవ్వాలి, ఎంత పోయాలి? పది మిల్లీలీటర్లు. లీటరు సెలైన్ 8 గంటల్లో పోవాలి, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టు, నిమిషానికి ఎన్ని చుక్కలు? 42. మెషీన్లు చెడిపోయిన వార్డుల్లో గడియారం చూసి చుక్కలు లెక్కబెట్టినదాన్ని. ఆ 42 నా కండ్లకు తెలుసు.

చిక్కు పేరు దగ్గర వచ్చింది.

నా పేరు ముందు ‘షేక్’ ఉంది, వెనక ‘బీ’ ఉంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ముందున్నది ‘ఎస్.’ అయింది. అంత పొడుగు పేరు గీతలో పట్టదని రాసినాయన కుదించాడు. డిగ్రీలో ‘ఎస్.కె.’ అయింది. నర్సుల రిజిస్ట్రేషన్‌లో ‘షేక్’ పూర్తిగా వచ్చింది గానీ ‘బీ’ పోయింది. పాస్‌పోర్టులో రెండూ ఉన్నాయి గానీ ‘బీ’ పేరుకు అతుక్కుపోయింది. తమిళనాడు దగ్గరి మా చుట్టాలు ఇదే మాటను ఇంగ్లీషులో వేరే అక్షరాలతో రాస్తారు, హైదరాబాదులో ఇంకోలా రాస్తారు. మాకు ఇవన్నీ ఒకటే. చెవికి ఒకటే గదా! కానీ సముద్రం అవతల కూర్చొని కాగితాలు తనిఖీ చేసేవాళ్ళకు వీళ్ళు నలుగురు మనుషులు. ఫారంలో ‘ఇంటిపేరు’ అని గడి ఉంటుంది. షేక్ మా ఇంటిపేరు కాదు. మా అబ్బాకు, మా వీధిలో సగం మందికి, బంధుత్వం లేని వేలమందికి అదే ఉంటుంది. రెడ్లకు, నాయుళ్ళకు ఇంటిపేరు వేరే ఉండి కులం పేరు వెనక ఉంటుంది. మాకు ముందుంటుంది. ఈ సంగతి ఒక గడిలో ఎట్లా రాయాలి? గడి ఖాళీ వదలగూడదన్నారు. షేక్ అని నింపాను. ఆ రోజు నుంచి ఇంగ్లండు ఉత్తరాలన్నిట్లో నేను ‘మిస్ షేక్’.

ఈ నలుగురూ ఒకరేనని రుజువు కావాలి. నోటరీ దగ్గర అఫిడవిట్, రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరుగుళ్ళు, చదివిన చోటి నుంచి ఉత్తరం. ఒక ఆఫీసులో గుమాస్తా అడిగాడు, ‘ఎస్.కె. అంటే ఏమ్మా? సురేష్ కుమారా?’ అని. పక్కనున్నోళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, సంతకం ఆయనే పెట్టాలి మరి. నాతో అప్లై చేసిన మలయాళీ నర్సుల కాగితాలు నాకన్నా ఐదు నెలలు ముందు కదిలిపోయాయి.

ఆ ఐదు నెలల్లో సెలవు దొరికినప్పుడల్లా కొండ మీదికి పోయేదాన్ని. సముద్రమట్టానికి నాలుగు వేల అడుగుల పైన ఉంటుంది, ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది. అబ్బాకు గెస్ట్‌హౌస్ వెనక ఒక చిన్న గది ఇచ్చి ఉన్నారు. మా ఇంట్లో గట్టిగా ఇంగ్లీషు చదివితే పిల్లలు చుట్టూ మూగి నవ్వేవాళ్ళు. ఇక్కడ నీలగిరి చెట్ల కింద అరిచినా అడిగేవాడు లేడు. గాలిబండ దగ్గర నిలబడి ఓ.ఇ.టి. మాటల పరీక్షకు సాధన చేశాను. ‘మీకు నిద్ర సరిగా పడుతోందా? నొప్పి పది మార్కుల్లో ఎన్ని?’ ఆ గాలికి నా మాట నాకే వినబడేది కాదు.

అక్కడ ఒకరోజు నవ్వొచ్చింది. ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. 19వ శతాబ్దంలో కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ ఎండలు పడలేక పైన బంగళా కట్టుకున్నాడు. అప్పటినుంచి కాగితాల మీద అది హార్స్‌లీ కొండ. కింద పల్లెల్లో ముసలోళ్ళ నోట ఇప్పటికీ మల్లమ్మే. ఈ రెండు పేర్లూ ఒక్క కొండవేనని అఫిడవిట్ తెమ్మని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. దొర పెట్టిన పేరు గాబట్టి సాగింది. రూంబాయ్ పెట్టిన పేరుకు నోటరీ కావాలి.

ఇక పుస్తకాలు. ఇంగ్లండు పరీక్షకైనా, అమెరికా ఎన్‌క్లెక్స్‌కైనా, గల్ఫ్‌కైనా సాధన ప్రశ్నల పుస్తకాలు వేలకొద్దీ ప్రశ్నలతో ఉంటాయి. మలయాళీ స్నేహితుల దగ్గర చేతులు మారి వచ్చిన పుస్తకాలన్నీ చదివాను. అందులో మేమున్నాం! చక్కెర జబ్బున్న ముస్లిం రోగి రంజాన్‌లో ఉపవాసం ఉంటానంటున్నాడు, నర్సు ఏం చేయాలి? ముస్లిం స్త్రీ మగ డాక్టరుతో పరీక్ష చేయించుకోనంటోంది, నర్సు ఏం చేయాలి? హెపారిన్ అనే మందు పంది పేగుల నుంచి తీస్తారు, ముస్లిం రోగికి ఇచ్చే ముందు నర్సు ఏం చెప్పాలి? ప్రశ్నలు మంచివే. జవాబులు ఇంకా మంచివి. రోగిని అడుగు, ఆమె ఇష్టాన్ని గౌరవించు, అన్నీ వివరంగా చెప్పి ఒప్పుదల తీసుకో.

చదివి చదివి ఒకరాత్రి నాకు తట్టింది. ఇన్ని వేల ప్రశ్నల్లో ముస్లిం ఆడది మంచం మీద పడుకొని ఉంది. పక్కన నిలబడ్డ నర్సు ముస్లిం అయిన ప్రశ్న నా కంటికి ఒక్కటీ పడలేదు. మమ్మల్ని ఎట్లా చూసుకోవాలో అందరికీ నేర్పుతున్నారు. మేమూ చూసుకోగలమని ఎవరికీ తోచలేదు. సానుభూతి ఉన్న చోట కూడా మాకు కేటాయించింది మంచమే. ఇక్కడి సెక్యులర్ మిత్రుల కథల్లో, సినిమాల్లో కూడా అంతే గదా. మంచి సాయిబు ఉంటాడు, పాపం అనిపించుకుంటాడు, చివర్లో చచ్చిపోతాడు. బతికించే చోట నిలబడడు.

2022 ఫిబ్రవరి వచ్చింది. నా సి.బి.టి. దగ్గర పడింది. 5వ తేదీన కర్ణాటక ప్రభుత్వం విద్యాసంస్థల్లో యూనిఫాం మీద ఉత్తర్వు ఇచ్చింది. హాస్టల్ టీవీలో రోజూ అవే దృశ్యాలు. గేటు దగ్గర ఆపేసిన ఆడపిల్లలు, రోడ్డు మీద బురఖా తీయించుకున్న టీచరమ్మలు. మార్చి 15న హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరొక మాట చెప్పారు. నేను టీవీ ముందు కూర్చొని చదువుతున్నది ఏమిటో తెలుసా? ఇంగ్లండు ఆస్పత్రుల యూనిఫాం నియమాలు. అక్కడ రోగిని ముట్టుకునేవాళ్ళకు మోచేతి కింద ఏమీ ఉండగూడదు, చేతుల శుభ్రత కోసం. మతం వల్ల ముంజేయి కప్పుకోవాలనుకునే వాళ్ళ సంగతేంది? 2020లో ఎన్.హెచ్.ఎస్. ఇంగ్లండు ఇచ్చిన మార్గదర్శకాల్లో దానికి దారి రాశారు. వదులు చేతులు ఉండగూడదు. రోగి దగ్గర వాడి పారేసే తొడుగులు వేసుకోవచ్చు. అవి కూడా చేతులు కడిగినంత శ్రద్ధగా మార్చాలి. చెప్పింది అంతే. గేటూ లేదు, టీవీ కెమెరా లేదు. రోగికి హాని రాగూడదు, నీ నమ్మకం పోగూడదు, రెండూ కుదిరే పద్ధతేదో వెతుకుదాం అన్న ధోరణి. నిషేధానికీ నియమానికీ తేడా నాకు ఆ వారంలో బాగా తెలిసింది.

నా మటుకు నేను మోచేతుల వరకు మడుచుకుంటాను. రోజుకు ఐదుసార్లు వజూకు మోచేతుల దాకా కడుక్కునే జాతికి చేతులు కడగడం కొత్తగా ఎవరు నేర్పాలి? వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళ కొసలు, మణికట్టు, మొత్తం 40 నుంచి 60 సెకన్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పటంలో ఉంటుంది. నానీకి చూపించాను. ‘వేళ్ళ సందులు మనమూ కడుగుతాం గదా’ అని మెచ్చుకుంది. ఆమె నన్ను ఒప్పుకున్నది ఆ రోజే అనుకుంటాను.

ఆస్కీకి ఇక్కడే సాధన మొదలుపెట్టాను. పది గదులు. నాలుగు గదులు ఒకే రోగి చుట్టూ తిరుగుతాయి. స్థితి చూడడం, పథకం వేయడం, అమలు చేయడం, ఫలితం బేరీజు వేసి అప్పజెప్పడం. నాలుగు చేతి నైపుణ్యాలవి. రెండింట్లో మాట్లాడకుండా రాయాలి. మందు ఇచ్చే గదిలో మొదటి పని రోగి పేరడగడం. తర్వాత పుట్టిన తేదీ. తర్వాత చేతికి కట్టిన పట్టీ మీద, చార్టు మీద అదే ఉందా చూడడం. పడని మందులున్నాయా అడగడం. ఇవి చేయకుండా మాత్ర చేతికిచ్చావా, ఆ గది పోయినట్టే. ఒకరి మందు ఇంకొకరికి పోగూడదని ఈ జాగ్రత్త. దానికి ముందే ఇంకో మాట ఉంటుంది. నీ పేరు చెప్పుకోవాలి, చెప్పుకొని అడగాలి, ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు?’

కొండ మీద గదిలో అబ్బానే రోగి. నవారు మంచం మీద పడుకోబెట్టి చేతికి తాడు కట్టాను. పేరు, పుట్టిన తేదీ అడిగాను. పుట్టిన తేదీ ఆయనకు తెలియదు, ఆధార్‌లో ఉన్న జనవరి 1 చెప్పాడు. తర్వాత అడిగాను, ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు?’ ఇంగ్లీషులో అడిగి మళ్ళీ ఉర్దూలో చెప్పాను. ఆయన లేచి కూర్చున్నాడు. ‘ఇట్ల అడగాలంటనా? అందరినీనా?’ అన్నాడు. అందర్నీ అన్నాను. ‘కొండ మీద నన్ను బాయ్ అంటారు బేటీ. పిల్లోళ్ళు కూడా బాయ్ అనే పిలుస్తారు. నేను భాయ్ అంటున్నారులే అనుకొని పలుకుతా’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ రోజు మిగతా సాధన సాగలేదు.

పేరడగడం రెండు రకాలని నేను ఆ పరీక్షకు చదువుతూ నేర్చుకున్నాను. మందు సరైన మనిషికే చేరాలని అడిగేది ఒకటి. తలుపు ఎవరికి వేయాలో తేల్చుకోవడానికి అడిగేది ఒకటి. మాటలు అవే ఉంటాయి, ‘నీ పేరేంది?’ అనే. బెంగుళూరు ఇంటావిడ అడిగింది, కూరగాయల బండి దగ్గర అడిగింది, ఫోన్‌లో ఆ కొడుకు అడిగింది రెండో రకం. మా బతుకంతా ఈ రెండోదానికి జవాబు చెప్తూ గడిచింది గాబట్టి, మొదటిది ఎవరన్నా అడిగినా గుండె ఝల్లుమంటుంది.

2022 చివర్లో నా పేరు ఎన్.ఎం.సి. రిజిస్టర్‌లోకి ఎక్కింది. షేక్ కూడా ఉంది, బీ కూడా ఉంది. వార్డులో మొదట్లో ‘మిల్క్ షేక్’ అన్నారు, తర్వాత పేరు నేర్చుకున్నారు. అది స్వర్గమని చెప్పను. 2024 జూలై చివర్లో సౌత్‌పోర్టులో ముగ్గురు పసిపిల్లల హత్య జరిగింది. చేసినవాడు ముస్లిం అని, వలసవచ్చినవాడని పుకారు పుట్టించారు. రెండూ అబద్ధాలే. మసీదు మీద దాడి జరిగింది, అల్లర్లు ఊరూరా పాకాయి. ఆగస్టు మొదట్లో సండర్లాండ్‌లో డ్యూటీకి పోతున్న ఇద్దరు ఫిలిప్పీన్స్ నర్సుల టాక్సీ మీద రాళ్ళు పడ్డాయి. మేం జంటలుగా డ్యూటీకి పోయి వచ్చాం. రెండో రకం ప్రశ్న అడిగేవాళ్ళు అక్కడా ఉన్నారు. అయితే మొదటి రకం ప్రశ్నను నియమం చేసి, అడగనివాళ్ళను పరీక్ష తప్పించే చోటు కూడా అక్కడుంది. మన ఆస్పత్రుల్లో, మన బడుల్లో, మన ఆఫీసుల్లో ఆ నియమం పెట్టుకోవడానికి పౌండ్లు అక్కర్లేదు.

ఇప్పుడు మా వాడ నుంచి ముగ్గురు ఆడపిల్లలు నర్సింగ్ చదువుతున్నారు. ఒకామె దూదేకుల పిల్ల. వారానికొకసారి ఫోన్‌లో పాఠం చెప్తాను. లెక్కలకన్నా ముందు చెప్పేది పేరు సంగతే. పదో తరగతి నుంచి పాస్‌పోర్టు దాకా ఒక్క అక్షరం మారనీయొద్దు, కుదిస్తామంటే ఒప్పుకోవద్దు, గీతలో పట్టకపోతే కింద గీతలో రాయమని అడగండి అని చెప్తాను. మొన్న ఆస్కీ మొదటి మాట నేర్పించాను. మిమ్మల్ని ఏమని పిలవమంటారు? ముగ్గురూ ఒకరినొకరు అడిగి సాధన చేశారు. నవ్వుకున్నారు. దూదేకుల పిల్ల మాత్రం నవ్వాపి అడిగింది.

‘ఆపా, రోగినైతే మనం అడుగుతాం. మనల్ని ఎవురు అడుగుతారు?’